అన్న ఆగమన్నాడు

ఆ వానాకాలం మా ఇంట్లో మా బట్టలు ఆరేసుకోవడానికి దండెం మీద జానెడు జాగా దొరికేది కాదు. ఎప్పుడు చూసినా ఆకుపచ్చ చొక్కాలు, ఆకుపచ్చ ప్యాంట్లు. మోకాళ్ళ దగ్గర చిరిగినవి, మోచేతుల దగ్గర అరిగినవి, తాడు రాసుకుని భుజాల మీద పోగులు లేచినవి. మా ఆయన స్నానం చేసి తువ్వాలు కోసం చెయ్యి చాపితే ఎవడిదో ప్యాంటు చేతికొచ్చేది.

"ఇది ఇల్లా, పటాలమా?" అని అరిచేవాడు.

"పటాలమే," అనేదాన్ని నేను గర్వంగా. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాది దర్జీపని. ముందుగది కొట్టు, వెనకవి సంసారం. మా ఆయన బస్సు డ్రైవరు. మాకు పిల్లల్లేరు. ఉన్న పిల్లాడల్లా మా తమ్ముడే. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నా చేత్తో తినిపించి, నా మిషను మీద కుట్టిన నిక్కర్లు తొడిగి బడికి పంపాను. వాడు చదివి, సైన్యంలో ఆఫీసరై, ఆ ఏడు మా ఊరి చివర శిబిరానికే వచ్చాడు. వచ్చింది మామూలు ఉద్యోగం మీద కాదు, కొత్త దళాన్ని తయారుచెయ్యడానికి. నిట్టనిలువు కొండలెక్కి, పోటు మీదున్న నదులు దాటి, మిగతా పటాలాలు పోలేని చోటికి పోయే దళం. ఎక్కడెక్కడి నుంచో ఏరి పదకొండు మందిని తెచ్చుకున్నాడు. వాడితో కలిపి పన్నెండు. శిబిరంలో ఆఫీసర్ల గదులు కురుస్తున్నాయని మా వెనకగదిలోనే మకాం పెట్టాడు.

ఆ పదకొండు మందీ శిబిరంలో ఏమని పిలిచేవాళ్ళో గానీ, మా గడప తొక్కగానే మా తమ్ముడు 'అన్న', నేను 'అక్క', మా ఆయన 'బావ'.

"ఒక్క బావమరిదితోనే వేగలేక చస్తుంటే, డజను చేశావు కదే," అనేవాడు మా ఆయన. అంటూనే డ్యూటీ దిగి వచ్చేటప్పుడు వాళ్ళ కోసం అరటిపళ్ళ గెల భుజాన వేసుకొచ్చేవాడు.

వాళ్ళలో ఎవరికీ సొంత పేరు మిగల్లేదు. అందరికంటే పెద్దవాడు, చెవుల పక్క అప్పుడే నెరుపు వచ్చినవాడు 'తాత'. వైర్లెస్ పెట్టె మోస్తాడనో, నోరు మూత పడదనో ఇంకొకడు 'రేడియో'. ఒంట్లో పిడికెడు మాంసం లేకుండా, రాతిగోడ మీద పాకుతుంటే చేతులూ కాళ్ళూ ఎక్కడ ఆనిస్తున్నాడో కనిపించనివాడు 'ఉడుత'. వాడంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. వచ్చినప్పుడల్లా మిషను పక్కన కింద చతికిలబడి నా సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పెట్టేవాడు.

"ఎందుకురా నీకీ పని?" అంటే, "ఉడతాభక్తి అక్కా," అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు.

ఒకరోజు రేడియో తడిసిన జుట్టుతో వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. కూలబడ్డం ఆలస్యం, వార్తలు మొదలుపెట్టాడు.

"నది ఎలా ఉందనుకున్నారు? ఎర్రగా, సుడులు తిరుగుతూ, చెట్లకి చెట్లే కొట్టుకుపోతున్నాయి. మేం గట్టు మీద నిలబడి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నాం. అన్న మాట్లాడకుండా చొక్కా విప్పాడు. తాడు నడుముకి కట్టుకున్నాడు. 'ముందు నేను. నేను మునిగితే మీరింటికెళ్ళి టీ తాగండి' అని దూకేశాడు."

"మరి మీరు?"

"ఏం చేస్తాం? టీ పోతే పోయిందని మేమూ దూకాం."

తమ్ముడి పద్ధతే అంత. ఏ గోడకి తాడు కట్టినా మొదట తనే వేలాడి చూసేవాడు. మా ఇంట్లో భోజనాలకు కూర్చున్నా పదకొండు మందికీ వడ్డించి, చివరికి గిన్నె అడుగున మిగిలింది తను తినేవాడు. నేను తలుపు చాటు నుంచి చూసి మురిసిపోయేదాన్ని. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళని అరగంట నిలబెట్టి మరీ ఇవన్నీ చెప్పేదాన్ని. "మీ తమ్ముడి కథ వినడానికే రావాలి గానీ, బట్టలు మాత్రం చెప్పిన రోజుకి ఇవ్వవు," అని ఒకామె మొహం మీదే అంది. దానికీ గర్వపడ్డాను.

దళం ఇంకా ఖాయం కాలేదు. పై అధికారులు వచ్చి, వీళ్ళ పనితనం కళ్ళారా చూసి, సరేనంటేనే అది నిలుస్తుంది. లేకపోతే ఎవరి పటాలానికి వాళ్ళు. "ఈ దళం దండగ అనేవాళ్ళే పైన ఎక్కువ అక్కా. చిన్న వంక దొరికితే చాలు, మూసేస్తారు," అనేవాడు తమ్ముడు. అంటూనే బ్యాడ్జీకి బొమ్మ గీసి తెచ్చాడు: ఒక కొండకొమ్ము, దాని చుట్టూ తాడు ముడి. పన్నెండు బ్యాడ్జీలూ నేను మిషను తగలనివ్వకుండా చేత్తోనే కుట్టాను. అధికారులు వచ్చే రోజుకి అందరి భుజాల మీదా అవి ఉన్నాయి.

ఆ రోజు పొద్దుట్నుంచీ జల్లు పడుతూనే ఉంది. ఊరవతల పాత రాతి క్వారీ గోడ మీద వీళ్ళ విద్య చూపించాలి. మధ్యాహ్నం దాటాక తమ్ముడు ఒక్కడే ఇంటికొచ్చాడు. బూట్లు విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఉడుత పడ్డాడక్కా."

చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "ఎక్కణ్ణుంచి?"

"గోడ మీంచి. సగం పైకి వెళ్ళాక తాడు కట్టిన మేకు రాతిలోంచి ఊడింది. ప్రాణానికేం ఫరవాలేదు. కాలు నుజ్జయిపోయింది." గోడకేసి చూస్తూ అన్నాడు: "నేను ఆగమన్నాను. వినకుండా ఎక్కేశాడు."

దగ్గర కూర్చుని వాడి తల నిమిరాను. ఉడుత కోసం ఏడ్చాను, వీడి కోసమూ ఏడ్చాను. సాయంత్రం వాడు విడిచిన బట్టలు ఉతుకుదామని తీశాను. అంచుల దగ్గర కాస్త తడిసి ఉన్నాయంతే. మోకాళ్ళ దగ్గర మట్టి లేదు, మోచేతుల దగ్గర గీత లేదు. వీపు మీద నేను పెట్టిన ఇస్త్రీ మడత కూడా చెరగలేదు. క్వారీకి వెళ్ళొచ్చినవాడి బట్టలు అలా ఉండటం ఆ వానాకాలంలో అదే మొదలు. చూశాను. చూసి, జాడించి ఆరేశాను.

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. నేనూ మా ఆయనా ఆసుపత్రికి వెళ్ళేసరికి ఉడుత దిండుకి చేరగిలబడి, పక్క మంచం ముసలాయన ట్రాన్సిస్టరుకి బ్యాటరీలు సరిచేస్తున్నాడు. నన్ను చూడగానే నవ్వాడు. నేను ఏం మాట్లాడాలో వెతుక్కుంటుంటే వాడే అందుకున్నాడు.

"అన్న ఆగమన్నాడక్కా. నేనే వినకుండా ఎక్కేశాను. అన్న తప్పేం లేదు."

నేను అడగలేదు. అడగని దానికి సమాధానం వచ్చింది.

"తప్పొప్పుల సంగతి తర్వాత. నొప్పి ఎలా ఉంది?" అన్నాడు మా ఆయన.

"లేని వేళ్ళు దురద పెడుతున్నాయి బావా. ఎక్కడ గోక్కోవాలో తెలియట్లేదు." మళ్ళీ నావైపు తిరిగి, "ఇకనుంచి నా ప్యాంటుకి గుడ్డ తక్కువ పడుతుందక్కా. మిగిలిన గుడ్డతో బావకి జేబురుమాళ్ళు కుట్టండి," అన్నాడు.

మా ఆయన కిటికీ దగ్గరికెళ్ళి చాలాసేపు వానని చూశాడు.

విచారణ మొదలైంది. శిబిరంలో ఒక్కొక్కర్నీ పిలిచి అడిగేవాళ్ళు. ఆ రోజుల్లోనే రేడియో చిరిగిన చొక్కా తీసుకుని మా కొట్టుకొచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. నోట మాట లేదు. నేనే కదిలించాను: "ఎలా జరిగిందిరా అసలు?"

"అన్న ఆగమన్నాడక్కా. ఉడుతే వినకుండా ఎక్కేశాడు."

అంతే. నది దాటిన కథ పూటంతా చెప్పినవాడు, కళ్ళముందు మనిషి పడితే ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. చొక్కా అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు తాత వచ్చాడు. కొత్త చొక్కాకి కొలత తీస్తూ అదే అడిగాను. టేపు కింద చేతులు ఎత్తి నిలబడ్డ మనిషి పైకప్పు చూస్తూ, "అన్న ఆగమన్నాడక్కా. ఉడుతే వినకుండా ఎక్కేశాడు," అన్నాడు. టేపు వాడి రొమ్ము మీదే ఉంది. ఊపిరి బిగబట్టడం నా వేళ్ళకి తెలిసింది.

భోజనం దగ్గర మా ఆయనతో అన్నాను. ఆయన ముద్ద కలుపుతున్నాడు.

"నేనూ బస్సు నడుపుతాను కదా," అన్నాడు. "నిజంగా ఏదైనా గుద్దుకుంటే బస్సులో ఎంతమందుంటే అన్ని రకాలుగా చెప్తారు. ఒకడు గేదె అంటాడు, ఒకడు లారీ అంటాడు, ఇంకొకడు డ్రైవరు నిద్రపోయాడంటాడు. మీవాళ్ళు ఎవర్నడిగినా అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెప్తున్నారంటే..." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

విచారణ తేలింది. దళం ఖాయమైంది. తమ్ముడికి పై హోదా వచ్చింది. ఆజ్ఞ మీరినందుకు ఉడుతని దళం నుంచి తీసేశారు. ఆ బ్యాడ్జీ పెట్టుకునే హక్కు లేదన్నారు. కాలు పోయింది గనక సైన్యంలోనూ చోటు లేదు, ఇంటికి పంపేస్తామన్నారు.

"బాగుంది. బస్సు గుద్దితే క్లీనర్ని జైల్లో వేసినట్టుంది," అన్నాడు మా ఆయన.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. వాడు పక్కనే నిలబడి షేవింగు చేసుకుంటున్నాడు. ఇస్త్రీపెట్టె మీంచి చూపు తియ్యకుండా అడిగాను.

"ఆ రోజు నీ బట్టలకి మట్టెందుకు లేదురా?"

బ్లేడు ఆగింది. అద్దంలోంచి నన్ను చూశాడు. చిన్నప్పట్నుంచీ వాడికొక గుణం ఉంది. నేను సూటిగా అడిగితే అబద్ధం చెప్పలేడు. అందుకే నేను సూటిగా అడిగేది చాలా తక్కువ.

"నేను ఎక్కలేదక్కా."

"ఎందుకని?"

"వచ్చిన అధికారుల్లో పెద్దాయన దళం గురించి అడుగుతున్నాడు. గొడుగు కింద ఆయన పక్కన నిలబడి చెప్తున్నాను. బాగా మెచ్చుకుంటున్నాడు. ఆ మాటల్లో..." నురుగు చెంప మీద ఆరిపోతోంది. "ఉడుత గోడ మొదట్లో తాడు లాగి చూసి, అక్కణ్ణుంచి అరిచాడు. మేకు కదులుతోంది అన్నా, ఇంకోటి కొట్టుకుని ఎక్కుతా, కాసేపాగండి అని. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. 'పెద్దలు వానలో నిలబడ్డారు, భయమైతే పక్కకి తప్పుకో, ఇంకొకణ్ణి పంపిస్తా' అన్నాను."

"అంటే ఎక్కాడు."

"ఎక్కాడు."

"మరి ఆగమన్నావని ఎవరు పుట్టించారు?"

"వాడే. ఆసుపత్రిలో, తెలివొచ్చిన వెంటనే అందర్నీ పిలిచి చెప్పాడు. అన్నని తీసేస్తే దళం పోతుంది, నా కాలు ఎలాగూ పోయింది, నేనే వినలేదని చెప్పండి అన్నాడు. నేను అడగలేదక్కా. ఒట్టు. ఒక్క మాట అడగలేదు."

"వద్దనీ అనలేదు."

కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తువ్వాలు అందిస్తే తీసుకుంటూ, "దళం మూసేసేవాళ్ళక్కా," అన్నాడు.

నేను ఇస్త్రీ ముగించి చొక్కా వాడి చేతికిచ్చాను. ఇంకేదైనా చేసి ఉండాల్సింది. చొక్కా ఇచ్చాను, తొడుక్కుని వెళ్ళాడు.

రెండ్రోజులకి వాన కాస్త తెరిపిచ్చిన పూట కొట్టు ముందు రిక్షా ఆగింది. ఉడుత చంకకర్రల మీద దిగాడు. తమ్ముడు ఆ రోజు భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాడు. కొట్టుకీ లోపలికీ మధ్య ఒక్క తెరే అడ్డం. పళ్ళెంలో గరిటె చప్పుడు అంతకుముందే వినిపించింది. ఉడుత గొంతు వినగానే ఆగిపోయింది.

"చిన్న పని మీద వచ్చానక్కా," అంటూ ఉడుత స్టూలు మీద కూర్చున్నాడు. సంచీలోంచి తన కోటు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "బ్యాడ్జీ తీసి అప్పగించమన్నారు. శిబిరం దర్జీ లాగేస్తానన్నాడు. వద్దన్నాను. కుట్టిన చెయ్యే విప్పితే బట్ట చిరగదు."

కోటు మీద కొండకొమ్ము, తాడు ముడి. వెనక్కి తిప్పాను. ఆ ముళ్ళు నేనే బిగించాను, ఏ కొస ఎక్కడ దాచానో నాకు తెలుసు. బ్లేడు తీసుకున్నాను. గుడ్డ తెగకుండా మణికట్టు మిషను బల్లకి ఆనించి, ఒక్కో కుట్టూ తెంపాను. ఉడుత అలవాటుగా దారం ఉండ అందుకుని సూదుల్లోకి ఎక్కిస్తున్నాడు.

గుమ్మం పక్కన తమ్ముడి బూట్లున్నాయి. నీళ్ళోడుతున్నాయి. ఉడుత వాటిని చూశాడు. నేను చూశానని కూడా చూశాడు. తెర కదల్లేదు. తెర వెనక మనిషి ఊపిరి నాకు వినిపిస్తోంది. ఉడుతకి వినిపించదా? చీకట్లో శత్రువు అడుగు పట్టుకునే చెవులు వాళ్ళవి.

ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను. నాకంటే ముందు వాడే అన్నాడు.

"అన్న ఇంట్లో లేడనుకుంటా అక్కా. శిబిరంలో పని ఎక్కువగా ఉంటుంది పాపం."

నేను అవునన్లేదు, కాదన్లేదు. చివరి కుట్టు తెంపాను. బ్యాడ్జీ ఊడి చేతిలోకొచ్చింది. దాని కింద గుడ్డ మిగతా కోటంత వెలవకుండా ముదురుగా ఉంది.

"వచ్చాక చెప్పండి," అన్నాడు లేస్తూ. "దళం పుట్టిన పండగ ఆదివారమే కదా. ఆ రోజే నేనూ ఊరెళ్ళిపోతున్నా. మార్చింగు బాగా చెయ్యాలని అందరికీ చెప్పండి."

రిక్షా వాడు రెక్క పట్టుకుని ఎక్కించాడు. రిక్షా మలుపు తిరిగాక తెర తీశాను. తమ్ముడు పీట మీద అలాగే ఉన్నాడు, ఎంగిలి చెయ్యి ఎండిపోయి ఉంది. బ్యాడ్జీ పళ్ళెం పక్కన పెట్టాను. ఎడమచేత్తో తీసుకుని జేబులో వేసుకున్నాడు. నా మొహం చూడలేదు. నేనూ వాడి మొహం చూడలేదు. మేమిద్దరం ఒకే దొంగతనంలో దొరికినట్టున్నాం.

ఆదివారం శిబిరంలో దళం ఆవిర్భావ కవాతు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మా ఆయనకి డ్యూటీ, రాలేదు. బ్యాండు వాయించారు. పదిమంది కడిగిన ముత్యాల్లా మెరుస్తూ నడిచారు. పెద్దాయన తమ్ముడి భుజం తట్టి, నాయకత్వమంటే ఇతన్ని చూసి నేర్చుకోవాలన్నాడు. చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. పక్కనున్న ఆఫీసరు భార్య, "మీరే కదండీ పెంచింది?" అని అడిగింది. తలూపాను. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం. వచ్చిన రోజున అది చెంపదెబ్బలా తగిలింది.

కవాతు తర్వాత అందరికీ మా ఇంట్లో భోజనం. ముందే అనుకున్నదే. తెల్లవారకముందే లేచి వండి వెళ్ళాను. తమ్ముడూ నేనూ వచ్చి విస్తర్లు పరిచాం. తమ్ముడు వీధి గుమ్మంలో నిలబడ్డాడు.

"దారిలో ఉంటారు," అన్నాడు.

అన్నం చల్లారింది. కూర మీద నూనె పేరుకుంది. వాడు రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. చివరికి, "నువ్వు తినక్కా," అన్నాడు. "నువ్వు తిను," అన్నాను. వాడెప్పుడూ అందరికంటే ముందు తినలేదు. ఆ రోజు ఖాళీ విస్తర్ల మధ్య కూర్చుని తినడం మొదలుపెట్టాడు. అప్పటికి పొద్దు వాలింది.

అప్పుడే మా ఆయన డ్యూటీ దిగొచ్చాడు. ఖాకీ చొక్కా గుండీలు విప్పుకుంటూ, విస్తర్లని, తమ్ముణ్ణి చూశాడు. ఆయన మనసులో ఏదుంటే అది నోట్లో ఉంటుంది.

"మీవాళ్ళ కోసం చూస్తున్నారా? నా బస్సెక్కి వెళ్ళారు," అన్నాడు.

"ఎవరు?" అన్నాను.

"పదిమందీను. కవాతు బట్టల మీదే, ఆ పతకాలు అవీ పెట్టుకుని, బస్టాండుకొచ్చారు. మధ్యలో ఉడుత. వాడు వద్దు పొండ్రా అని తిడుతున్నాడు. ఒకడు పెట్టె ఎత్తాడు, ఒకడు వాణ్ణే ఎత్తి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. అందరూ ఎక్కేశారు. బస్సులో జనం పెళ్ళివాళ్ళనుకున్నారు." నీళ్ళు తాగి గ్లాసు దించాడు. "ఆఖరి స్టాపులో దిగి పొలాల గట్ల మీద వాణ్ణి మార్చి మార్చి మోసుకుంటూ పోయారు. మెరిసే బూట్లన్నీ బురద. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోందట, నేను వెళ్ళలేదు, కండక్టరు చూసొచ్చి చెప్పాడు. నేను మాత్రం తిరుగు ట్రిప్పు పది నిమిషాలు లేటుగా తీశాను. డిపోలో తిడతారు, తిట్టనీ."

తమ్ముడి చెయ్యి విస్తరిలోనే ఉంది. తినడం లేదు, లేవడం లేదు.

"బావా," అన్నాడు, "నాకు చెప్పొచ్చుగా వాళ్ళు. నేనూ వచ్చేవాణ్ణి."

మా ఆయన ఏదో అనబోయాడు. నా మొహం చూసి మానుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వారానికొకరు చొప్పున బదిలీ అడగడం మొదలుపెట్టారు. ఎవరూ తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. ఒకడు తల్లికి బాగోలేదన్నాడు, ఒకడు పాత పటాలమే అలవాటన్నాడు. రేడియో ఏ కారణమూ చెప్పకుండా సెల్యూట్ కొట్టి వెళ్ళిపోయాడట. వాళ్ళ స్థానాల్లో కొత్త కుర్రాళ్ళు చేరారు. దళం పెరిగింది. దాన్ని నిలబెట్టిన వాళ్ళు ఒక్కరొక్కరుగా తరిగిపోయారు.

చివరికి మిగిలింది తాత. వెళ్ళే ముందు నాకు చెప్పిపోవడానికి వచ్చాడు. టీ ఇస్తే నిలబడే తాగాడు.

"నువ్వూ వెళ్ళిపోతే వాడికి ఎవరున్నారు?" అన్నాను. ఆ మాట అడగడానికి నాకు సిగ్గు వేసింది. అయినా అడిగాను, అక్కని కదా.

తాత గ్లాసు కేసి చూశాడు. "అన్న కోసం అబద్ధం చెప్పామక్కా. దానికి బాధ లేదు. ఇంకో పదిసార్లయినా చెప్తాం. విచారణ గదిలో అన్న ఎదురుగానే కూర్చున్నాడు. ఒక్కొక్కళ్ళం లోపలికెళ్ళి చెప్పొస్తుంటే... ఆయన ఆపుతాడనుకున్నాం. నేను ఆఖరున వెళ్ళాను. కావాలనే నెమ్మదిగా చెప్పాను. ఆపుతాడని." గ్లాసు మిషను బల్ల మీద పెట్టాడు. "ఉంటానక్కా. బావకి చెప్పండి."

ఆ సాయంత్రం తమ్ముడు రాగానే ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. దాచుకుంటే నాకు అన్నం సహించేట్టు లేదు. వాడు విన్నాడు. మర్నాడు పొద్దున్నే పై అధికారి దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ముగిసిపోయిన సంగతి ఎందుకయ్యా కెలుకుతావు? నీ దళానికి ఇప్పుడు ఎంత పేరొచ్చిందో తెలుసా? ఆ సిపాయి కూడా ఒప్పుకున్నాడు కదా. పో, పని చూసుకో," అని పంపేశాడట. తమ్ముడు ఇంటికొచ్చి నాకది చెప్తూ నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు.

"అయితే ఉడుత దగ్గరికే వెళ్ళు," అన్నాను.

వెళ్ళాడు. వానలు వెనకబట్టి, రోడ్లు ఆరుతున్న రోజులు. సెలవు పెట్టి, మామూలు చొక్కా వేసుకుని, మా ఆయన బస్సే ఎక్కాడు. నేను పళ్ళు కట్టిచ్చాను. ఏం మాట్లాడతాడో, వాడేమంటాడో అని ఆ రోజంతా మిషను మీద ఒక్క కుట్టు సరిగ్గా పడలేదు.

పొద్దుపోకముందే ఇద్దరూ కలిసే వచ్చారు. తమ్ముడు పళ్ళ సంచీ గుమ్మంలో పెట్టి, తిన్నగా తన గదిలోకి వెళ్ళిపోయాడు. మా ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించడం నేను చాలా అరుదుగా చూశాను.

"ఆఖరి స్టాపు వచ్చింది. అందరూ దిగారు. వాడు లేచి, తలుపు దాకా వచ్చి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పొలాల అవతల ఆ ఇల్లు కనిపిస్తూనే ఉంది. నేను ఇంజను కూడా ఆపేశాను. ఎంతసేపు నిలబడ్డాడో. మళ్ళీ వెనక్కెళ్ళి కూర్చుని, కండక్టర్ని తిరుగు టికెట్టు అడిగాడే."

గుమ్మంలో ఉన్న పళ్ళ సంచీ లోపలికి తెచ్చాను.

రాత్రికి అన్నం పెట్టాను. కాస్త తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే వారం మళ్ళీ వెళ్తానక్కా," అన్నాడు.

ఆ వారంలోనే శిబిరంలో గదులు బాగయ్యాయని మకాం మార్చేశాడు. దండెం ఖాళీ అయింది. తర్వాత వాడు పెద్ద పెద్ద హోదాలకి వెళ్ళాడు, దేశమంతా తిరిగాడు. వచ్చినప్పుడల్లా ఒక పూట మా ఇంట్లో ఉంటాడు. ఆరోగ్యాలు మాట్లాడుకుంటాం, బావ చేసే అల్లరి మాట్లాడుకుంటాం. మళ్ళీ ఆ ఊరు వెళ్ళాడా లేదా అని నేను ఇంతవరకూ అడగలేదు. సూటిగా అడిగితే, వాడు నాకు నిజమే చెప్తాడు.